బుట్టలో వచ్చే జవాబు

అలెగ్జాండ్రియా నుంచి చరిత్రలో ఎన్ని నౌకలు బయలుదేరినా, ప్రతి శుక్రవారం నమాజు కాగానే బహ్గత్ ఉస్తాద్ నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడు మీద దిగే బుట్టంత గంభీరంగా ఏదీ బయలుదేరలేదు. పదిహేడు నవలలు రాసిన ఆయన మోకాళ్ళు మెట్లను మానేసి ఆరేళ్ళయింది. మొదటి అంతస్తులోని మనవరాలు ఇంజీకి ఉత్తరం రాసి, ఎగిరిపోకుండా బట్టల క్లిప్పు పెట్టి దించేవాడు. ఆ పిల్ల జవాబులో తాతను కడిగిపారేసేది. ఆమె పెళ్ళై మన్సూరా వెళ్ళాక, ఉత్తరాలు పోస్టు చేసే పని ఆమె తల్లి, ఆయన కోడలు సుహైర్ తీసుకుంది. జవాబులు మాత్రం బుట్టలోనే వస్తున్నాయి.

ఒక శుక్రవారం ఆయన పైనుంచి కేకేశాడు. "సుహైర్! మందులేసుకోమని ఇంజీ మూడుచోట్ల రాసిందేమిటమ్మా?"

"ప్రేమ, మామయ్యా!"

"నన్ను తిట్టకుండా అది ఒక్క ఉత్తరమూ రాసి ఎరగదే!"

"పెళ్ళయింది కదా, బుద్ధొచ్చింది."

ఆయన కొత్త ఉత్తరానికి క్లిప్పు పెట్టి బుట్ట దించాడు. "ఈసారి కాస్త తిట్టమని చెప్పమ్మా."

మామగారిని ఎన్నడూ 'నువ్వు' అనని సుహైర్‌కు మొదటి వాక్యం రాయడానికే వారమంతా పట్టింది. 'ఓరి ముసలి గాడిదా' అని మొదలైన ఆ జవాబును ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

ఇంజీ వాళ్ళమ్మకు రోజూ ఫోన్ చేస్తుంది. తాత ఎలా ఉన్నాడని ఇంతవరకూ అడగలేదు.