గడియ ఆయన వైపే

ఎడిసన్‌లో మా పక్కింటి ఇటలీ పెద్దాయన మొన్న మంగళవారం పోయారు. నేను చెత్తడబ్బా లోపలికి లాగుతుంటే వాళ్ళమ్మాయి చెప్పింది. సారీ అన్నాను. "మీరెందుకు సారీ? మీతో ఏనాడైనా సరిగ్గా మాట్లాడారా?" అంది.

లేదు. మా పోపు ఘాటు మీద, మా చుట్టాల కార్ల మీద టౌన్‌షిప్‌కి కంప్లైంట్లు పెట్టారు. మా ఇల్లు మిట్ట మీద, వాళ్ళది పల్లంలో. అసలు కోపం అక్కడుంది.

ఒకసారి ఆయనే చెప్పారు. పుట్టింది ఇటలీలో ఒక కొండ ఊళ్ళో. నెత్తిన కోట, చర్చి, కలిగినవాళ్ళ ఇళ్ళు. వాలు పొడుగునా ద్రాక్షతోటలు. అడుగున ఆయన వాళ్ళ వాడ. ఏ కాలంలోనో శత్రువులు వస్తే పైవాళ్ళు కోట తలుపు మూసుకున్నారట. కిందివాళ్ళు బయట అరిచి అరిచి చచ్చారట. బతికినవాళ్ళు తమ వాడలో ఉన్న నీటి ఊట చుట్టూ గోడ కట్టారు. కొండ మొత్తానికి నీళ్ళు అవే.

"మరి పైవాళ్ళు నీళ్ళకేం చేశారు?" అని అడిగాను.

"బిందెలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు" అని నవ్వారు. ఆయన నవ్వడం చూసింది ఆ ఒక్కసారే.

మేం రెండిళ్ళ మధ్య కంచె వేయించి, అందులో చిన్న తలుపు పెట్టించాం. ఆయన వచ్చి నిలబడ్డారు.

"గడియ నా వైపు పెట్టించు. పైవాళ్ళని నమ్మను."

"అంకుల్, మిట్ట మీద మేం కట్టలేదు. కట్టింది కొనుక్కున్నాం" అన్నారు మా ఆయన.

"కోట కట్టినవాడి కొడుకులూ అదే అన్నారు."

గడియ ఆయన వైపే పెట్టించాం.

రెండేళ్ళ కిందట పెద్ద వాన. రోడ్డు మునిగి, నీళ్ళు వాళ్ళ వంటింట్లోకి వచ్చాయి. ఆయన భార్యకి మోకాళ్ళు పనిచెయ్యవు. మేం కంచె తలుపు బాదాం.

"తియ్యండి అంకుల్, ఆంటీని మా ఇంటికి తీసుకెళ్తాం."

"పొండి! మీరు పిలిస్తే మేం రాం."

లోపల్నుంచి ఆవిడ వాళ్ళ భాషలో తిట్టింది. అప్పుడు తీశారు. మా ఆయన ఆవిణ్ణి ఎత్తుకొచ్చారు. పెద్దాయన మాత్రం కంచె దాటలేదు. నీళ్ళు తగ్గేదాకా వాళ్ళ వరండాలోనే తడుస్తూ కూర్చున్నారు. మర్నాడు థాంక్స్ లేదు. గడియ మళ్ళీ పడింది.

మంచి మనిషని రాయలేను. కానీ "తలుపు ఎవరిదని అడక్కు, గడియ ఎవరి వైపుందో చూడు" అనేవారు. ఆ మాట నాకు చాలాచోట్ల పనికొచ్చింది. అందుకు రుణపడి ఉన్నాను.

ఈ ఉదయం మళ్ళీ వాన. ఎవరూ పిలవకుండానే గడియ తీసుకుని, ఆంటీ కూతురి భుజం పట్టుకుని మా వరండాలోకి వచ్చి కూర్చుంది. కాఫీ ఇచ్చాను. తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కింద ఆయన టమాటా మడుల్లోకి నీళ్ళు ఎక్కుతుంటే ముగ్గురం చూస్తూ కూర్చున్నాం.