పదకొండో మలుపులో గుంట

మార్లిస్ డోబెల్ మొదటి దెబ్బ తిన్నది మంచు చేతిలో కాదు, కన్నతండ్రి చేతిలో. అప్పటికామెకు ఎనిమిదేళ్ళు. మా ష్వార్జ్‌గ్రుండ్ ఊళ్ళో మంచు ట్రాక్ పైకొసన, జారుడు బండ్లు బయల్దేరే చోట, ఓ పెద్దపిల్ల కళ్ళు మూసుకుని నిలబడి తల అటూ ఇటూ వంచుతూ చేతులు గాలిలో తిప్పుతోంది. అసలు పరుగుకు ముందు మనసులోనే ఒకసారి కిందిదాకా దిగి వస్తోందన్నమాట. మార్లిస్ పోయి ఆమె మోచెయ్యి గిల్లింది. వెనకనుంచి వచ్చిన ఒట్మార్ కూతురి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"కళ్ళు మూసుకున్నోళ్ళ జోలికి పోతావా? కొంప తగలబడుతున్నా సరే, వాళ్ళు కిందికొచ్చేదాకా ముట్టుకోగూడదు. తెలిసిందా?"

తెలిసింది. చెవిలో హోరు రెండ్రోజులదాకా తగ్గలేదు మరి.

ఒట్మార్ ఆ ట్రాక్ మీద మంచు పనివాడు. గీకడం, నీళ్ళు చల్లడం, పగుళ్ళు పూడ్చడం, ముప్ఫయ్యేళ్ళుగా అదే బతుకు. అతను నున్నగా చేసిన మంచే కూతుర్ని ఇరవయ్యేళ్ళపాటు చావబాదింది. క్రీడల బడిలో ఉండగానే భుజం ఊడింది. తర్వాత రెండు పళ్ళు, ఓ మోకాలి చిప్ప, నాలుగు పక్కటెముకలు. పత్రికలవాళ్ళు దీన్ని జారుడు ఆట అని రాస్తారు. జారుడట, వాళ్ళ మొహం! చిన్న బండి మీద కాళ్ళు ముందుకు చాచి, వెల్లకిలా పడుకుని, గంటకు నూట పది కిలోమీటర్ల వేగంతో మంచుగోడల మధ్య పడి కొట్టుకోవడం అది. మార్లిస్ ఆ కొట్లాటలో మూడుసార్లు ప్రపంచ విజేత అయింది. ఓడిన రోజున హెల్మెట్ గోడకేసి పగలగొట్టేది. గెలిచిన రోజున కూడా ఎవరితోనూ మంచిగా మాట్లాడేది కాదు.

రెండు జర్మనీలు ఒకటైన మూడో చలికాలంలో ప్రపంచ పోటీలు మా ఊరికే వచ్చాయి. ఆమెకు ఇరవై తొమ్మిది. ఇదే ఆఖరని ఆమెకూ తెలుసు. సొంత మంచు మీద నాలుగోసారి గెలిచి వెళ్ళిపోవాలి, అంతే. చివరి పరుగు జరగాల్సిన రోజు పొద్దున, రొట్టె కోస్తూ ఒట్మార్ ఉండబట్టలేక అన్నాడు.

"ఆ భుజంతో చెంచా ఎత్తలేకపోతున్నావ్. ఇంక చాలించవే."

"అడ్డమొచ్చావంటే నిన్నూ తొక్కుకుంటూ పోతా."

"పో! పోయి చావు!"

అప్పటిదాకా జరిగిన పరుగుల్లో ముందున్నవాళ్ళు చివర దిగాలని లెక్క. కాబట్టి మార్లిస్ వంతు అందరికన్నా చివర. ఆమెకు ముందు దిగిన ఇటలీ పిల్ల పదకొండో మలుపులో బోల్తా కొట్టింది. బండి అడుగున ఉండే ఉక్కు బద్ద మంచులోకి దిగి గుంట తవ్వేసింది. ఒట్మార్ అందులో తడిమంచు కూరి, బూటుతో తొక్కి, పది నిమిషాలైనా గట్టిపడనివ్వమని మొత్తుకున్నాడు. ఆ రోజు గాలి వెచ్చగా ఉంది. పోటీ నడిపేవాళ్ళు నాలుగు నిమిషాలే ఇచ్చారు. దాంతో అతను బండ్లను పైకి మోసే వ్యానులోకి దూకి, కూతురితో చెప్పడానికి బయల్దేరాడు.

ఇవేవీ మార్లిస్‌కు తెలియవు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. మనసులో తొమ్మిదో మలుపు దాటింది. చేతి తొడుగుల వేళ్ళకు, మొదట్లో మంచును గీరి ముందుకు దూకడానికి, చిన్న ఉక్కు మేకులున్నాయి. ఒట్మార్ రెండుసార్లు పిలిచాడు. హెల్మెట్‌లోకి వినబడలేదు. ఇక గత్యంతరం లేక భుజం మీద చెయ్యి వేశాడు. పాడైన భుజమే అది.

ఆమె కళ్ళు తెరవకుండానే వెనక్కి తిరిగి కొట్టింది. మేకులు చెంపలో దిగి, పెదవి దాకా చీల్చుకుంటూ వచ్చాయి.

"నువ్వా!" అంది చూసి. నెత్తురు తండ్రి కాలర్ మీదికి కారుతోంది. అయినా కోపం ఆగలేదు. "ముట్టుకోగూడదని నేర్పిందే నువ్వు కదా ముసలోడా! నన్ను ఆపాలనే వచ్చావు కదా!"

ఒట్మార్ నోరు తెరిచాడు. మాటకు బదులు నెత్తురు వచ్చింది. రెండు చూపుడు వేళ్ళూ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. పదకొండు. ఆమె అది చూడనే లేదు. రెండు చేతులతో గుండెల మీద తోస్తే అతను వెళ్ళి గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. పచ్చదీపం వెలిగింది. బయల్దేరడానికి ముప్ఫై సెకన్లే గడువు. ఎవరో ఇద్దరు ముసలాయన్ని పక్కకు ఈడ్చారు.

పది మలుపులూ ఆమె ఎన్నడూ దిగనంత బాగా దిగింది. పదకొండులో పూడ్చిన మంచు తడి పంచదారలా జారిపోయింది. ఉక్కు బద్ద గుంటలో ఇరుక్కుని, బండి గాల్లోకి లేచి ఆమె మీదే పడింది. తొడ ఎముక విరిగిన చప్పుడు కింద జనానికి కూడా వినిపించింది. విరిగిన కాలితో, మీద బండితో, గోడకూ గోడకూ కొట్టుకుంటూ మరో మూడు మలుపులు దొర్లింది. వెనకాల మంచంతా ఎర్రటి చార.

ఇక బండెక్కడం కుదరదని డాక్టర్లు చెప్పేశారు. ఐదో రోజు ఒట్మార్ చెంపకు కుట్లతో ఆసుపత్రికి వచ్చేసరికి, కాలికి ఇనుప కడ్డీలతో ఆమె కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. దుప్పటి మీద చేతులు కదులుతున్నాయి. సూది వెయ్యడానికి నర్సు ముందుకు రాబోతే ఒట్మార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకండమ్మా. దిగుతోంది."

చేతులు పదకొండో మలుపు దగ్గర ఆగిపోయాయి. ఆమె కళ్ళు తెరిచింది.

"నాన్నా, అక్కడేముందో ఇప్పుడు చెప్పు."

"గుంటే. అరచెయ్యంత. ఎడమ పక్కన." కుట్లు లాగుతుంటే ఆగి, మళ్ళీ అన్నాడు. "జానెడు కుడికి జరిగుంటే దాటేసేదానివి."

ఆమె కళ్ళు మూసుకుని పైనుంచి మళ్ళీ మొదలుపెట్టింది. పదకొండులో కుడి భుజం కాస్త పరుపులోకి నొక్కింది. తర్వాత మూడు మలుపులు. చేతులు దుప్పటి మీద వాలాయి.

"వచ్చేశా" అంది.

అప్పుడు ఒట్మార్ దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.