మొదటి ముద్రణ బావ

మా బావ పోయాడు. పోయిన నెల ఒక పొద్దున్న అక్క ఫోన్ చేసి, "మీ బావ ఎలిపోనాడ్రా" అంది. అంతే. మా ఉద్దానంలో కారణం ఎవరూ అడగరు. మీ కోసం చెబుతున్నాను, కిడ్నీలు.

కాశీబుగ్గలో జెరాక్స్ షాపు ఆయనది, షాపు వెనకే కాపురం. పిచ్చి మాత్రం ఒక ఆట. విశాఖలో పాత పుస్తకాల గుట్టలో దొరికింది, పేరు చెప్పినా ఎవరికీ తెలియని ఇంగ్లిష్ ఆట పుస్తకం. అందులో ఒక మహానగరం, మామూలు జనం మధ్యే దయ్యాలూ మంత్రగాళ్లూ అద్దెకుంటారు. ఒకరు కథ నడిపిస్తే తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని మాటలతో ఆడాలి. దాంతో రావాల్సిన పాచికలు లేవు. బావ జీడిపిక్కల మీద అంకెలు రాసి గుడ్డసంచిలో పోశాడు. చేతికి ఏ పిక్క వస్తే అదే మన రాత. మహానగరం మాకేం తెలుసు? దాని బదులు మా పలాసనే పెట్టేశాడు. జీడి ఫ్యాక్టరీ పొగగొట్టంలో యక్షిణి, టెక్కలి బస్సులో టికెట్ తీయని పిశాచం! ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి నవ్వి నవ్వి చచ్చేవాళ్లం. ఆ ఆటే లేకపోతే నేను నలుగురిలో నోరు విప్పేవాణ్ణి కాదు.

కొన్నేళ్లకి నేను రెండో పుస్తకం సంపాదించాను. కథకి రెండో భాగమనుకుని స్వీట్లు కూడా పంచాం. తెరిస్తే ఏముంది, అదే ఆట, మార్చి వేసిన రెండో ముద్రణ. బావకి ఒళ్లు మండిపోయింది.

"నున్నగా సేసీసినారు. నవ్వొచ్చే ముక్కలన్నీ కోసీసినారు. ఈ రంగుల బొమ్మలెవులికి కావాలి?"

డయాలసిస్ మొదలయ్యాక మంచం పక్కన కూర్చుని రెండూ చదివి వినిపించేవాణ్ణి. ఏ రూలు ఏ ముద్రణలోది ఉంచాలో తేల్చి, మా ఆట మేం ఖాయం చేసుకోవాలని ఆయన పట్టుదల. నేను ఆగితే కళ్లు మూసుకునే "ఏటి, నిద్దరోయేవా?" అనేవాడు. ఊరి పటానికి మొదటిదే, బేరాలకి మొదటిదే, శాపాలకీ మొదటిదే. చివరికి చావు రూలు దగ్గరికొచ్చాం.

మొదటి ముద్రణలో చచ్చిన పాత్ర ఊళ్లోనే ఉంటుంది, ఆటకొకసారి పిలిచి సలహా అడగొచ్చు. రెండోదాంట్లో ఆ వీలు లేదు. ఆ పాత్ర రాసుకున్న కాగితం తీసేసి కొత్తవాళ్లకి చోటివ్వాలి. ఇదీ మొదటిదే కదా అని పేజీ తిప్పేశాను.

"ఆగు. దీనికి రెండోదే."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "అదేటి బావా, ఇన్నాళ్లూ దాన్ని తిట్టి!"

"తిట్టినాను. ఇదొక్కటి బాగా రాసినారు. సచ్చినోడ్ని పిలుసుకుంటా కూకుంటే ఆట ముందుకెల్దు బామ్మర్దీ. నా కుర్సీ మీ అక్కకిచ్చీ."

"అక్కకి ఆటంటే పడదు గదా."

"నాతో ఆడ్డం పడదు. తలుపు సాటు నుంచి అన్నీ యింటాది." నవ్వబోయి దగ్గాడు.

నేను మాత్రం ఒప్పుకోలేదు. కర్మలయ్యాక ఆడేవాళ్లం అందరం షాపులో కూర్చున్నాం. ఒక్కసారి, ఒక్కసారే బావని పిలుద్దామని మొదటి పుస్తకం తెరిచాను. వెనక గదిలోంచి అక్క వచ్చి, పుస్తకం మూసి, ఆయన కుర్చీలో కూర్చుంది.

"పిలవొద్దు. నాకూ సెప్పినాడు" అంది. గుడ్డసంచి దగ్గరికి లాక్కుని, "ఆ పిశాచం రావివలసలో బస్సు దిగిందా, నేదా?"

ఎవరికీ తెలియదు, బావ ఉండగా ఆట అక్కడే ఆగిపోయింది. అక్క సంచిలో చెయ్యి పెట్టింది. ఒక పిక్క తీసి, దాని మీద బావ రాసిన అంకె చూసి, గుప్పిట మూసేసింది. ఎంతొచ్చిందో మేమెవరం అడగలేదు.