లక్క ముద్ర పగిలిన కవరు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా అరపేజీ రాసి చింపేశాను. తెరవకూడని కవరు ఒకటి నేను తెరిచాను.

నిన్న మధ్యాహ్నం అది గుర్తొచ్చింది. కెనడాలో నేను చదువుతున్న యూనివర్సిటీలోనే, ప్రవేశాల ఆఫీసులో వారానికి మూడు రోజులు పనిచేస్తాను. వేరే దేశాల నుంచి మొదటి సంవత్సరంలో చేరాలనుకునే పిల్లల కాగితాలు అక్కడికి వస్తాయి. ఇప్పుడు చాలావరకు ఆన్‌లైనే, అయినా కొన్ని బడులు ఇంకా కవర్లే పంపుతాయి. నిన్న ఒక కవరు అంచు కత్తిరిస్తుంటే ఎర్రటి లక్క పెళ్లలుగా రాలి, వేళ్లకు ఆ వాసన అంటుకుంది. ఎర్రగుంట్లలో మా బడి ఆఫీసు గది, కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తున్న మహబూబ్ సార్ కళ్ల ముందు నిలిచారు.

సార్ మాకు చరిత్ర చెప్పేవారు. లైబ్రరీ కూడా ఆయన చేతిలోనే ఉండేది. లైబ్రరీ అంటే రెండు బీరువాలు. ఊళ్లోని ఫ్యాక్టరీల నుంచి వచ్చి వాటి మీద రోజూ పేరుకునే సిమెంటు దుమ్మును చేతిరుమాలుతో తుడిచి తాళం తీసేవారు. నాలుగేళ్లలో నేను క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. హాజరు పలికినా పక్క అమ్మాయికే వినబడేది. పుస్తకాలు మాత్రం వదలకుండా తీసుకునేదాన్ని. ఇచ్చేటప్పుడల్లా సార్ ఒకే మాట అనేవారు: “తీసుకోమ్మా, దీంట్లో యెనకాల తెల్లకాగితాలు శానా ఉండాయి.” ఏదో వేళాకోళం అనుకునేదాన్ని.

పన్నెండో తరగతిలో ఈ యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టాను. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే తప్ప నాకు ఆ చదువు లేదు. ఇంగ్లీషు పరీక్ష మార్కులు నేనే పంపాను. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల దాకా మార్కుల పత్రాలు, ఒక టీచరు రాసిన ఉత్తరం మాత్రం ఒకే కవరులో బడి ముద్రతో రావాలన్నారు. ముద్ర పగిలితే చెల్లదు. సార్ ఉత్తరం రాసి, లక్క వేసి, కొరియర్లో పంపమని కవరు నాకిచ్చారు.

ఆ సాయంత్రం నాకు కాలు నిలవలేదు. నా గొంతే వినని మనిషి నా గురించి ఏం రాసుంటారు? మందమతి అని రాసుంటే పంపకుండా ఊరుకోవడమే మేలు అనిపించింది. వంటింట్లో చాకు వేడిచేసి లక్క కిందికి దూర్చాను. సులువుగా లేస్తుందనుకున్నాను. నాలుగు ముక్కలైంది.

ఉత్తరంలో ఇలా ఉంది: ‘ఈ అమ్మాయి క్లాసులో మాట్లాడదు. చదివిన ప్రతి పుస్తకం చివరి తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ప్రశ్నలు రాస్తుంది. నాలుగేళ్లుగా వాటిని చదువుతున్నాను. కొన్నిటికి నాకూ జవాబు తెలియదు.’

ఆ రాతలు ఎవరూ చూడరనుకున్నాను.

మర్నాడు బడికి వెళ్లి, ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాను.

“సార్, కవరు వానకు తడిసింది.”

“వానా?” సార్ కిటికీలోంచి మబ్బు తునక లేని ఆకాశం వైపు చూశారు. “ఎర్రగుంట్లకు వానొచ్చి ఎన్నాళ్లాయె! మీ ఇంటి మీద ఒక్కదాని మీదే పడిందామ్మా?”

“కాదు సార్... బిందె ఒలికింది.”

“వానో బిందో, ఏదో ఒకటి చెప్పమ్మా. మార్కుల కాగితాలన్నా బాగుండాయా?”

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఒక్క చుక్క మరక లేదు. సార్ వాటిని వెనకా ముందూ తిప్పి చూసి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టారు.

సీటు వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది. ఇక్కడికొచ్చిన మొదటి నెలలోనే క్లాసులో చెయ్యెత్తాను. ప్రశ్న పూర్తిగా అడిగాను. మా ప్రొఫెసర్ తనకు తెలియదన్నారు. ఆ రోజంతా నాకు సారే గుర్తొచ్చారు. నాకు రెండోసారి ఉత్తరం రాసిచ్చిన మర్నాడే ఆయన బదిలీ మీద ఆదోని వెళ్లిపోయారు, మళ్లీ కలవలేదు. ఈ వేసవి సెలవుల్లో ఆదోని వెళ్లి నిజం చెప్పాలి. ఆయనకు అది కొత్త సంగతి కాకపోవచ్చు. ఆ రోజు కొత్త కవరు మీద లక్క గట్టిపడేదాకా ఊది, దాన్ని నా రెండు చేతుల్లో పెడుతూ సార్ అన్నారు:

“ఈతూరి తెరవాకమ్మా. లోపల ఏముండాదో నీకు తెలుసు గదా.”