రెండు కండువాలు, ఒక మెడ

మొన్న మంగళవారం మా పల్లెలో రెండు పార్టీల కండువాలూ ఒకే మెడలో పడ్డాయి. ఆ మెడ నాదే. ఎలా పడ్డాయో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వితే నవ్వండి, ఊరంతా ఎలాగూ నవ్వేసింది.

మీ బందరు వాళ్ళకి తెలియదేమో గానీ, నాగాయలంక అవతల మా పల్లెలో నాది నీళ్ళు టెస్టు చేసే చిన్న ల్యాబు. రైతులు రొయ్యల చెరువుల్లోంచి సీసాలతో నీళ్ళు పట్టుకొస్తారు. ఉప్పెంతుందో, రోగం తెచ్చే పురుగేమైనా ఉందేమో చూసి చెప్తాను. మంచి సీజన్లో తెల్లారేసరికి నా వరండా బెంచీ మీద చోటుండేది కాదు. 'నీళ్ళ డాక్టరు' అని పిలిచేవాళ్ళు. నాంచారయ్య బావ అయితే సీసా నా చేతికిచ్చి, కూతురి సంబంధం గురించి సలహా అడిగేవాడు. నలభై దాటినా పెళ్ళికాని నన్ను!

ఇప్పుడు రొయ్య రేటు పడిపోయింది. మేత రేటు మాత్రం దిగలేదు. ఒక్కొక్కరే చెరువులు ఎండగట్టేశారు. చెరువులే లేనప్పుడు నీళ్ళకి డాక్టరెందుకు చెప్పండి. నాలుగు నెలలుగా బెంచీ ఖాళీ. గుడివాడ నుంచి అన్నయ్య ఫోన్ చేసి సామాను సర్దుకుని వచ్చేయమంటాడు. మళ్ళీ పంట వేస్తారేమో చూద్దామని నేనే నెట్టుకొస్తున్నాను. కొన్ని రోజులైతే నా నోట్లోంచి వచ్చిన మాటలు రెండే, 'పాల ప్యాకెట్టు' అని.

మంగళవారం పొద్దున లేచి చూస్తే వీధిలో ఒక్క తలుపూ తీసి లేదు. కొట్టు షట్టరు దించేసి ఉంది. పక్కింటి నాగమణక్క వాకిట్లో ముగ్గు కూడా పడలేదు. ఎవరింట్లోనో పెళ్ళి, అందరూ కట్టగట్టుకుని వెళ్ళారు, నన్ను మాత్రం పిలవలేదు అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక కాఫీ సహించలేదు.

ఇంతలో నాగమణక్క ఇంట్లోంచి కుక్కర్ విజిల్ వినపడింది. పొయ్యి ఆపడం మర్చిపోయి వెళ్ళిపోయిందేమోనని పరుగెత్తి తలుపు తట్టాను. ఎవరూ పలకలేదు. విజిల్ మాత్రం టక్కున ఆగిపోయింది. అంటే లోపల మనిషి ఉంది, నేనని తెలిసే తీయడం లేదన్నమాట. నేనేం తప్పు చేశానో ఎంత తవ్వుకున్నా తట్టలేదు. వచ్చి నా బెంచీ మీద నేనే కూర్చున్నాను.

అప్పుడొచ్చాయి కార్లు. వరసగా తొమ్మిదో పదో. రొయ్య రైతుల్ని పరామర్శించడానికి ఒక పార్టీ నాయకుడు గారు దిగారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చూశారు. పరామర్శించడానికి మనిషి దొరకలేదు. ఆయన వెనకాల ఒకతను నన్ను చూసి, అదిగో రైతు అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా మెడలో కండువా, భుజం మీద నాయకుడి చెయ్యి, ఎదురుగా నాలుగు కెమెరాలు.

నేను రైతుని కాదండీ, ల్యాబు నాది అని చెప్పాను. అయితే ల్యాబే చూద్దాం అన్నారు. లోపలికొచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. ఫోటోలు తీశారు. ఆయన అలాగే వంగి ఉండి, "పాపం, ఎంత ఇబ్బంది పడుతున్నాయో" అన్నారు. ఏమిటి ఇబ్బంది పడేవి? దాని కింద స్లైడ్ లేదు. దానికి లైటే వెయ్యలేదు.

అక్కడితో దండం పెట్టి పంపించేస్తే మర్యాదగా ఉండేది. కానీ ఎన్నాళ్ళకో నా కుర్చీలో ఒక మనిషి కూర్చుని 'ఇంకేంటి సంగతులు' అన్నాడు. ఆయన మాటవరసకి అన్నాడు, నేను నిజమే అనుకున్నాను. టీ పెట్టాను. రేట్ల గురించి చెప్పాను, కరెంటు గురించి చెప్పాను, మా నాన్న పోయిన సంగతి చెప్పాను, నా మోకాలి నొప్పి కూడా చెప్పాను. నా చెయ్యి పట్టుకున్నది ఆయనే, వదలనిది నేను. చివరికి ఆయన గన్‌మాన్ వచ్చి సున్నితంగా విడిపించాడు.

మధ్యాహ్నం రెండో పార్టీ వాళ్ళు దిగారు. అవతలి వాళ్ళు ఎంతసేపు కూర్చున్నారని అడిగి, అంతకన్నా పది నిమిషాలు ఎక్కువ కూర్చున్నారు. మొదటి కండువా తీయడం బాగుండదని నేను, తీసేదాకా ఆగే తీరిక లేక వాళ్ళు, రెండోది దాని మీదే వేసేశారు. నేను మళ్ళీ టీ పెట్టాను. మళ్ళీ మోకాలి నొప్పి దాకా వచ్చాను.

సాయంత్రానికి వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. రెండింటి కిందా ఒకటే మాట, 'గ్రామస్థుల ఘనస్వాగతం'. గ్రామస్థులంటే నేనే. వెనకాల మూసిన తలుపులు ఒక్క దాంట్లోనూ పడలేదు.

అప్పుడు తెరుచుకున్నాయండీ ఊళ్ళో తలుపులు. ఒక పదిహేను మంది నా వరండాలోకి వచ్చేశారు. నాంచారయ్య బావ మొహం కందగడ్డలా ఉంది.

"ఊరంతా కూడబలుక్కున్నాం కదయ్యా. ఏ పార్టీవాడు వచ్చినా ఒక్క తలుపు తీయకూడదని. గెలిచినవాడూ అంతే, ఓడినవాడూ అంతే, రేటు పడ్డప్పుడు ఒక్కడూ రాలేదు. వాళ్ళకి ఖాళీ వీధి చూపించాలనుకున్నాం. నువ్వు కుర్చీలేసి టీలిచ్చావు."

వాళ్ళు చేసింది ఎంత మంచి పనో అప్పుడర్థమైంది. దాన్ని నేను ఎంత చక్కగా పాడు చేశానో కూడా.

"నాకెవరూ చెప్పలేదు బావా" అన్నాను.

ఆదివారం నేను నాగాయలంక చర్చికి వెళ్ళినప్పుడు మీటింగ్ పెట్టుకున్నారట. ఇతనికి చెప్పమన్నానుగా అని బావ నాగమణక్క వైపు చూశాడు. ఆవిడ కొట్టు సుబ్బారావు వైపు చూసింది. ఆయన నేల చూశాడు. పొద్దున తలుపు తట్టింది పార్టీవాళ్ళేననుకుని పొయ్యి కట్టేశానని ఆవిడ గొణిగింది.

చివరికి బావే మెల్లగా అన్నాడు. "నిజం చెప్పనా? నువ్వు ల్యాబు ఎత్తేసి గుడివాడ వెళ్ళిపోయావనుకున్నాం. ఉన్నావని ఎవరికీ గుర్తు లేదు."

కోపంతో అన్న మాట కాదది. అందుకే గట్టిగా తగిలింది. నాలుగు నెలలుగా అదే వీధిలో ఉన్నాను, అదే కొట్లో పాలు కొంటున్నాను. తిట్టడానికొచ్చిన వాళ్ళెవరూ కదల్లేదు. కొందరు బెంచీ మీద కూర్చున్నారు. పాలు అయిపోయాయి, డికాషన్ ఇవ్వనా అంటే, ఇవ్వు అన్నారు. వెళ్ళేముందు బావ నా ఫోన్ నంబరు అడిగి తీసుకుని, ఊళ్ళో వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నన్ను కలిపాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ, ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఆ గ్రూపు తెరిచాను. రెండొందల పైన మెసేజ్‌లు, అన్నీ నా గురించే. సిగ్గులేనివాడని ఒకరు, రెండు వైపులా డబ్బులు తిన్నాడని ఒకరు, మైక్రోస్కోపు వీడియోకి పాట కట్టినవాడు ఇంకొకడు. ఒక్కటీ వదలకుండా చదివాను. ఎవరో కొత్తాయన, 'ఇంతకీ ఈ దరిద్రుడెవడండీ?' అని అడిగాడు. ఎవరూ జవాబు ఇవ్వలేదు. అడిగిన మనిషిని అలా వదిలేయడం మర్యాద కాదు కదా.

ఎడంచేత్తో నేనే టైప్ చేశాను. 'నేనేనండీ, ఇక్కడే ఉంటాను. ఎప్పుడైనా రండి, టీ తాగుదాం.'