మోతీకి వచ్చిన ఒకే ఒక్క మాట

ఈ సాయంత్రం మా కుక్క మోతీని నడకకు తీసుకెళ్తే, బాబుపేట్ బస్‌స్టాపు ముందు రోడ్డు మీద కూర్చుండిపోయింది. గొలుసు లాగితే మెడ సాగింది గానీ కుక్క కదల్లేదు. బిస్కెట్ చూపించి లేపితే రెండడుగులు వేసి మళ్లీ కూర్చుంది.

గోండ్‌పిప్రి పోవడానికి నిలబడ్డ ఒక ముసలవ్వ అడిగింది: "ఏంది బిడ్డా, ఇది గూడ బస్ కోసమే కూసున్నదా?"

అప్పుడు వెలిగింది నాకు. మోతీని పెంచి మాకిచ్చింది మరాఠీవాళ్లు. మరాఠీలో 'బస్' అంటే కూర్చో అని. మోతీ చదువంతా ఆ ఒక్క మాటే. స్టాపులో అందరి నోటా అదే మాట.

"అవ్వా, జర ఆ మాట అనకు, ఇది కూసుంటది" అన్నాను.

అవ్వ మంచిది. వెనక్కి తిరిగి అందరికీ గట్టిగా చెప్పింది: "ఎవ్వలు బస్ అనకుండ్రి. బస్ అంటే కుక్క కూసుంటదట."

లేవబోయిన మోతీ మళ్లీ కూలబడింది.

అంతలో బస్సు రానే వచ్చింది. స్టాపంతా ఒక్క గొంతుతో ఆ మాట అంది. మోతీ సరిగ్గా బస్సు ముందు కూర్చుంది.

చివరికి ఇంటిదాకా ఎత్తుకొచ్చాను. మరాఠీలో 'లే' అని ఎట్లా అనాలో నాకు తెలుసు, దానికే ఎవరూ నేర్పలేదు.

మీ ఇంటి కుక్కది ఏ మీడియం?