రాసినా జరగని పరీక్ష

ఘనా దేశంలోని కుమాసిలో మా సెలోర్మ్ డాక్టరేటు అంతా ఒక కొత్త నక్షత్రం మీదే నిలబడింది. దాని రేడియో సంకేతాన్ని అతను హాస్కెల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాముతో పట్టాడు. జవాబు అవసరమైతే తప్ప ఆ భాష ఏ లెక్కా చెయ్యదు.

మౌఖిక పరీక్షకు ముందు సహవిద్యార్థిని డ్జిఫా ఆ ప్రోగ్రాము చదివింది.

"సెల్ టవర్ల రొదను పట్టే పరీక్ష రాశావు సరే. దాని జవాబు ఎక్కడా వాడలేదేం, అన్నా?"

"వాడేదేముంది? తేడా ఉంటే అదే ఆపేస్తుంది."

"నువ్వు అడగందే అది నిద్ర లేవదు, మహానుభావా! ఇప్పుడు అడిగి చూడు."

సెలోర్మ్ జవాబు అడిగాడు. పరీక్ష తొలిసారి జరిగింది. ఆ సంకేతం బజారు వెనకున్న టవరుదని తేలింది.

మర్నాడే అతను సిద్ధాంత వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. నిజాయితీపరుడని ప్రొఫెసర్లు భుజం తట్టారు. స్కాలర్‌షిప్పు మాత్రం ఎవరూ పొడిగించలేదు.